ఆగి ఉన్న కారులో బ్యాటరీ దిగిపోతుంటే: ఫ్యూజులు పీకడం మేలా, ఫ్యూజుల మీదే కొలవడం మేలా?

రాయలసీమ పట్టణాల్లో కారు ఉన్న ఇళ్లలో చాలావాటికి అది రోజూ కదిలే వాహనం కాదు. ఊళ్లో పనులకు మోటారు సైకిలు సరిపోతుంది కాబట్టి, పెళ్లికో తిరుపతికో బెంగళూరుకో బయలుదేరిన రోజే కారు తాళం చేతికి వస్తుంది. వారం రోజులు నిలిచిన కారు తీరా బయలుదేరే పొద్దున సెల్ఫ్ తీసుకోకపోతే, పక్కింటి కారు నుంచి జంపర్ కేబుళ్లు వేసి ఆ పూటకు గట్టెక్కడం, అదే పదేపదే జరిగితే కొత్త బ్యాటరీ కొనడం మనకు అలవాటు. ఆ కొత్త బ్యాటరీ కూడా అలాగే దిగిపోయినప్పుడే, బండి ఆగి ఉన్నా ఏదో ఒకటి కరెంటు తాగుతోందన్న అనుమానం మొదలవుతుంది. ఆ దొంగను పట్టే పద్ధతులు నాలుగైదు ఉన్నాయి. మన మెకానిక్ షెడ్లలో ఎక్కువగా వాడే పద్ధతి కంటే అరుదుగా కనిపించే పద్ధతే మేలని నా నిశ్చితాభిప్రాయం, ఎందుకో వివరిస్తాను.

ఏ పద్ధతి పట్టుకోవాలన్నా ముందుగా నేరం బ్యాటరీదా, బండిదా అన్నది తేల్చుకోవాలి. ఈ ప్రశ్న మన ప్రాంతంలో మరీ ముఖ్యం. అనంతపురం, కర్నూలు, కడపల్లో వేసవి పగళ్లు 40 డిగ్రీలు దాటుతాయి. ఎండలో నిలిచిన కారు బానెట్ కింద వేడి అంతకంటే ఎక్కువ. సీసం-ఆమ్లం బ్యాటరీ తనంతట తానే ఛార్జి కోల్పోయే వేగం సుమారు ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకూ రెట్టింపవుతుంది, ఆయుష్షు కూడా వేడికి తరిగిపోతుంది. అందువల్ల బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేసి, కొన్ని గంటలు ఊరుకోనిచ్చి మల్టీమీటరుతో వోల్టేజి చూడాలి: 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే దాదాపు సగం, 12 కంటే దిగితే ఖాళీ అవుతున్నట్టు. తరువాత ఎర్త్ కేబుల్ (నెగటివ్ టెర్మినల్‌కు బిగించినది) విప్పి రెండు రాత్రులు వదిలేయాలి. కేబుల్ లేకుండానే వోల్టేజి గణనీయంగా పడిపోతే బండిలో వెతకడం వృథా, బ్యాటరీయే పోయింది. కేబుల్ లేనప్పుడు నిలిచి, ఉన్నప్పుడు దిగితే దోషం బండిలో ఉంది. ఇంజను నడుస్తున్నప్పుడు టెర్మినళ్ల వద్ద 13.8 నుంచి 14.5 వోల్టుల వరకు రావడం లేదంటే డైనమో సరిగా ఛార్జి చేయడం లేదని అర్థం. అది వేరే సమస్య.

ఆగి ఉన్న కారు కొంత కరెంటు వాడుకోవడం సహజమే. గడియారం, రిమోట్ తాళం రిసీవరు, అలారం, కంప్యూటర్ల జ్ఞాపకం కలిపి 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల వరకు తీసుకుంటే అది దోషం కాదు. చిన్న పెట్రోలు కార్లలో సాధారణంగా కనిపించే 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీని 50 మిల్లీ ఆంపియర్లు ఖాళీ చేయడానికి దాదాపు నెల పడుతుంది. అదే 300 మిల్లీ ఆంపియర్లు పోతుంటే రోజుకు 7 ఆంపియర్-అవర్లకు పైగా కరిగిపోయి, మూడో రోజుకే సెల్ఫ్ మొరాయిస్తుంది. మనం వెతకవలసింది ఈ రెంటి మధ్య ఉన్న తేడాను.

ఎర్త్ కేబుల్‌ను టెర్మినల్‌కు తాకించి నిప్పురవ్వ వస్తుందేమో చూడటం అన్నిటికంటే పాతది. తొలినాళ్ల మారుతి 800 వంటి బండ్లకు అది చాలేది. వాటిలో కంప్యూటర్లు లేవు, అన్నీ ఆపితే రవ్వ రాకూడదు. నేటి కారులో కేబుల్ తాకగానే ప్రతి కంప్యూటరులోని కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు లాగుతాయి కనుక ఆరోగ్యంగా ఉన్న బండి కూడా రవ్వ చిమ్ముతుంది. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు పోగై ఉండవచ్చు కాబట్టి రవ్వ పుట్టించడం ప్రమాదం కూడా. కేబుల్‌కు టెర్మినల్‌కు నడుమ బల్బు పెట్టడం దీనికంటే కొంత నయం గాని, 5 వాట్ల బల్బు పూర్తిగా వెలగడానికి 400 మిల్లీ ఆంపియర్లకు పైగా కావాలి. 150 పోతున్నా అది మసకగానైనా వెలిగిందో లేదో పగటి వెలుగులో కనబడదు. ఈ రెండింటినీ నేటి బండ్లకు వాడవద్దని గట్టిగా చెబుతాను.

ఇక అసలు పోటీ రెండు పద్ధతుల మధ్య. మొదటిది మీటరును ఎర్త్ కేబుల్‌కు బ్యాటరీకి మధ్య వరుసగా కలిపి, కరెంటు చూస్తూ ఫ్యూజులు ఒక్కొక్కటే పీకడం. ఏ ఫ్యూజు తీసినప్పుడు అంకె ఒక్కసారిగా పడిపోతే ఆ సర్క్యూట్‌లో దోషం ఉన్నట్టు. తర్కం సూటిగా ఉంది, మొత్తం ఎంత పోతోందో నేరుగా మిల్లీ ఆంపియర్లలో తెలుస్తుంది. ఈ ఒక్క సంగతిలో దీనికి సాటి లేదు. అయితే ఇందులో మూడు ఇబ్బందులున్నాయి. మీటరు కలపడానికి కేబుల్ విప్పిన క్షణంలో కారులోని కంప్యూటర్లన్నీ ఆరిపోయి తిరిగి మేల్కొంటాయి. బండి ఆపాక కాసేపటికి కరెంటు వాడకం తగ్గించుకుని నిద్రపోవలసిన మాడ్యూలు (చిన్న కంప్యూటరు) ఒకటి నిద్రపోకుండా మొండికేసి, అదే దోషి అయితే, ఆ ఆరిపోవడంతోనే దాని మొండితనం పోయి, ఆ రోజుకు ఏ లోపమూ కనిపించదు. దీన్ని తప్పించడానికి ముందుగా ఒక తీగతో టెర్మినల్‌ను కేబుల్‌ను కలిపి ఉంచి, మీటరు తగిలించాక ఆ తీగ తీయాలి. ఇక రెండోది: ఫ్యూజు పీకినా, తిరిగి గుచ్చినా ఆ సర్క్యూట్ మీది మాడ్యూళ్లు మళ్లీ లేస్తాయి, అవి పడుకునే దాకా, అంటే బండిని బట్టి కొన్ని నిమిషాల నుంచి అరగంటకు పైగా, చూసిన అంకెకు విలువ ఉండదు. ముప్ఫై ఫ్యూజులకు ఇలా ఆగితే పూట గడిచిపోతుంది, ఆగకపోతే తప్పు సర్క్యూట్‌ను పట్టుకుంటాం. చివరిది భద్రత: మీటరు వరుసలో ఉండగా ఎవరైనా తాళం తిప్పి సెల్ఫ్ కొడితే వందకు పైగా ఆంపియర్లు మీటరు గుండా పోతాయి. చవకగా దొరికే పసుపు రంగు మీటర్లలో చాలావాటికి 10 ఆంపియర్ల రంధ్రం దగ్గర ఫ్యూజు ఉండదు. లోపలి భాగాలు కాలిపోవడం ఖాయం.

రెండో పద్ధతిలో దేన్నీ పీకనవసరం లేదు. కారులోని ప్రతి బ్లేడు ఫ్యూజు తలపైన మీటరు మొనలు తాకడానికి రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి. ఫ్యూజుకూ కొద్దిపాటి నిరోధం ఉంటుంది కాబట్టి దాని గుండా కరెంటు పోతున్నప్పుడు ఆ చుక్కల మధ్య కొన్ని మిల్లీ వోల్టులు పుడతాయి. మీటరును 200 మిల్లీ వోల్టుల స్థాయిలో పెట్టి ఒక్కో ఫ్యూజునూ తాకుతూ పోతే, సున్నా చూపినదాన్ని వదిలేసి, అంకె చూపినదాన్ని రాసుకోవచ్చు. 10 ఆంపియర్ల ఫ్యూజు నిరోధం సుమారు 7 నుంచి 8 మిల్లీ ఓములు. కనుక దాని మీద 0.8 మిల్లీ వోల్టు కనిపిస్తే 100 మిల్లీ ఆంపియర్లు పోతున్నట్టు లెక్క. పెద్ద ఫ్యూజుల నిరోధం తక్కువ కాబట్టి 30 ఆంపియర్లదాని మీద అదే కరెంటుకు 0.2 మాత్రమే వస్తుంది. అంటే ఏ అంకె ఎంత కరెంటుకు సమానమో ఫ్యూజు రకాన్ని బట్టి మారుతుంది. ఆ పట్టిక ఫోనులో ఉంచుకుంటే చాలు. బండి నిద్ర చెడదు, మొండి మాడ్యూలు ఉన్నది ఉన్నట్టే దొరికిపోతుంది, ఏ తీగా తెగదు. పసుపు మీటరైనా ఆ స్థాయిలో 0.1 వరకు చదవగలదు కాబట్టి అదనపు ఖర్చు కూడా లేదు. ఇంత సులువైన పద్ధతి షెడ్లలో అరుదుగా కనిపించడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఇందులో కావలసిందల్లా ఓపిక.

ఆ ఓపిక ఎక్కడ కావాలంటే, మొదలుపెట్టే ముందు. డ్యాష్‌బోర్డు కింది ఫ్యూజు పెట్టెను చేరాలంటే తలుపు తెరిచి ఉండాలి, తలుపు తెరిస్తే బండి లేస్తుంది. అందుకు తలుపు అంచులోని లాచ్‌ను స్క్రూడ్రైవరుతో మూసిన స్థితికి తిప్పి, బండికి తాళం వేసి, తాళాన్ని ఇంట్లో దూరంగా పెట్టి, గంటసేపు వదిలేయడం మంచిది. పని పూర్తయ్యాక తలుపు మూసే ముందు హ్యాండిల్ లాగి లాచ్‌ను విడిపించాలి, లేకుంటే అది దెబ్బతింటుంది.

క్లాంప్ మీటరు సంగతి రెండు మాటల్లో చెప్పవచ్చు. తీగ చుట్టూ పట్టి కొలిచే ఈ పరికరం ఏ సర్క్యూట్‌నూ తెంచదు గనుక ఎంతో అనుకూలం. కాని ఇళ్ల వైరింగుకు వాడే రకం చాలావరకు ఇంటి కరెంటైన ఏసీని మాత్రమే కొలుస్తుంది. కారు బ్యాటరీ ఇచ్చే డీసీని కొలిచేది తీసుకున్నా మిల్లీ ఆంపియర్ల స్థాయిలో నమ్మదగినది ఖరీదైనది, ప్రతిసారీ సున్నా చేసుకోవాలి. రోజూ ఇదే పని చేసే ఎలక్ట్రీషియన్‌కు అది తగిన పెట్టుబడి, ఇంటివాడికి కాదు.

కాబట్టి నా సలహా ఒక క్రమంలో ఉంటుంది. తీగ వంతెనతో మీటరును వరుసలో పెట్టి మొత్తం ఎంత పోతోందో ఒక్కసారి చూసి, మీటరు తీసేసి, ఫ్యూజుల మీద మిల్లీ వోల్టులు కొలిచి సర్క్యూట్‌ను గుర్తించాలి. తరువాత ఆ సర్క్యూట్ మీద ఉన్న పరికరాలను ఒక్కొక్కటే విప్పి అదే ఫ్యూజును మళ్లీ కొలవాలి. ఎక్కువగా పట్టుబడేవి కంపెనీ తరువాత బిగించిన సామాన్లే: మ్యూజిక్ సిస్టం, డ్యాష్ కెమెరా, జీపీఎస్ ట్రాకరు. మ్యూజిక్ సిస్టం పసుపు తీగ జ్ఞాపకం కోసం ఎప్పుడూ కరెంటులో ఉండాలి, ఎర్ర తీగ తాళం తిప్పినప్పుడే రావాలి. తొందరలో రెండింటినీ కలిపి బిగిస్తే సిస్టం తెర ఆరినా లోపల నడుస్తూనే ఉంటుంది. ఆగినప్పుడు కూడా చిత్రీకరించే డ్యాష్ కెమెరా అయితే దోషం లేకుండానే బ్యాటరీని తాగుతుంది. డిక్కీ లైటు మూత వేశాక ఆరుతోందో లేదో, లోపల ఫోను పెట్టి వీడియో తీస్తే తెలిసిపోతుంది.

ఏ ఫ్యూజు మీదా అంకె కనబడక, మొత్తం మాత్రం ఎక్కువగా చూపిస్తుంటే డైనమోను అనుమానించాలి. దాని మందపు తీగ చాలా బండ్లలో చిన్న ఫ్యూజుల గుండా రాదు. కరెంటును ఒకే దిశలో పోనిచ్చే లోపలి డయోడు లీకైతే బ్యాటరీ కరెంటు వెనక్కి పారుతుంది. ముందు ఎర్త్ కేబుల్ విప్పి, ఆపై డైనమో తీగ ఊడదీసి దాని కొనకు టేపు చుట్టి, మళ్లీ మొత్తం కొలిచినప్పుడు అంకె పడిపోతే దోషి అదే. ఈ పనిని మెకానిక్‌కు అప్పగించడమే క్షేమం.

ఇవేవీ చేయకుండా ఎర్త్ మీద కటాఫ్ స్విచ్ బిగించుకోవడం చాలామంది ఎంచుకునే దారి. నెలల తరబడి బెంగళూరులోనో విదేశంలోనో ఉండి, ఊళ్లో కారు నిలిపేవారికి అది నిజంగా మంచి ఏర్పాటు. వారం పది రోజులకోసారి బండి తీసేవారికి మాత్రం అది లీకును కప్పిపుచ్చడమే అవుతుంది: నీరు చేరిన కనెక్టరో, ఇరుక్కుపోయిన రిలేనో (కరెంటుతో పనిచేసే స్విచ్) బండి నడుస్తున్నంతసేపూ వేడెక్కుతూనే ఉంటుంది, స్విచ్ దాన్ని ఆపదు. ఎర్త్ టెర్మినల్ మీద బ్యాటరీ సెన్సరు ఉన్న ఐడిల్ స్టాప్ కార్లలో (సిగ్నల్ దగ్గర ఇంజను తనంతట తానే ఆగేవి) అయితే స్విచ్ బిగించే ముందు కంపెనీ సర్వీసు వారిని అడిగి తెలుసుకోవడం అవసరం.