ఆ ‘నేచురల్’ వైట్ వైన్ జోలికి పోకండి

ఒళ్లు మండుతుండగానే రాస్తున్నా. చిన్న కుటుంబం తోట, పురుగుమందు చుక్క పడని ద్రాక్ష, మూడు తరాల చేతిపని అంటూ అమ్ముతున్నారే, ఆ ఫ్రాన్స్ ‘నేచురల్’ (అంటే దాదాపు ఏమీ కలపకుండా చేసే) వైట్ వైన్ గురించే. ఒక్కటి తెప్పించి రుచి చూద్దామన్న బుద్ధి ఉండొద్దూ? ఏకంగా ఆరు సీసాలు తెప్పించా.

పెట్టె తెరిస్తే రెండింటి కార్కులు పైకి పొడుచుకొచ్చి, మెడ చుట్టూ జిగట. దారిలో ఎండకు ఉడికాయన్నమాట. ఆశ చావక బాగున్న సీసా ఒకటి తీశా. గ్లాసులో తుప్పు రంగు. కోసి వదిలేసిన ఆపిల్ వాసన, దాని వెనకే గుప్పున వెనిగర్.

వడగట్టని వైన్ కాస్త మసకగా ఉంటుందని, అడుగున మడ్డి చేరుతుందని నాకూ తెలుసు. దానికి నేనేమీ అనను. ఇది అది కాదని అమ్మినవాళ్లకు ఫోటోలు పెట్టి అడిగితే వచ్చిన జవాబు చూడండి: “నేచురల్ అంటే ఇలాగే ఉంటుంది సార్. మీ నోరు ఫ్యాక్టరీ వైన్‌కు అలవాటు పడింది. నాలుగో సీసాకి నచ్చుతుంది.”

నాలుగో సీసాకి! అంటే మూడు వెనిగర్ సీసాలు తాగి శిక్షణ పూర్తి చేసుకోవాలి కాబోలు. కార్కుల సంగతేంటంటే “వైన్ బతికుందనడానికి అదే గుర్తు” అన్నారు. బతికున్నదాన్ని ఎండలో లారీ ఎక్కించారెందుకండీ అన్నా. అంతే, చాట్ మూసేశారు. డబ్బు పోతే పోయింది, నా నాలుకకు చదువు చెబుతారా?

అంతా అయ్యాక, తీరిగ్గా లేబుల్ చదివా. ముందు పక్క ముసలావిడ బొమ్మ బాగానే ఉంది. వెనక యూరప్ సేంద్రియ ఆకు గుర్తు లేదు, తనిఖీ సంస్థ కోడూ లేదు. తోటలోనే నింపామన్న మాట లేదు, ఎవరో వ్యాపారి నింపినట్టుంది. ‘సల్ఫైట్లు (వైన్ పాడవకుండా కలిపేవి) ఉన్నాయి’ అని మాత్రం ఉంది. లీటరుకు 10 మి.గ్రా. దాటితే ఆ మాట లేబుల్ మీద వేయాల్సిందే, పులిసేటప్పుడు ఈస్ట్ కూడా కొంత పుట్టిస్తుంది కాబట్టి ఆ ఒక్కదాన్ని తప్పు పట్టను. అసలు అక్కడ సేంద్రియ వైట్‌లోనే, చక్కెర లేని రకానికి, 150 మి.గ్రా. దాకా ఉండనిస్తారు. మామూలుదానికి 200. సేంద్రియమంటే సల్ఫైట్ సున్నా అనుకున్న నా తెలివికి జోహార్లు. నేచురల్ వైన్‌కు ఫ్రాన్స్‌లో 2020 నుంచి విడిగా ఒక గుర్తు ఉంది. అదీ దీని మీద లేదు.

కొనాలనుకుంటే ముందు వెనక లేబుల్ ఫోటో అడగండి. ఎండాకాలంలో తెప్పించకండి.

మిగతా ఐదు సీసాలూ మూల పెట్టా. కార్డు బ్యాంకుకు ఫిర్యాదు పెట్టా, ఇంకా జవాబు రాలేదు.