క్రాస్బీ దాచిన ఆట: ఒక డీవీడీ సమీక్ష

1960 అక్టోబర్ 13న పిట్స్‌బర్గ్‌లో జరిగిన వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్) ఏడవ, చివరి ఆట టీవీ ప్రసారాన్ని డీవీడీలో చూశాను. ప్రసారాలను భద్రపరిచే అలవాటు అంతగా లేని ఆ రోజుల్లో, పిట్స్‌బర్గ్ జట్టు పైరేట్స్ యజమానుల్లో ఒకరైన గాయకుడు బింగ్ క్రాస్బీ టీవీ తెరనే ఫిల్ము కెమెరాతో చిత్రీకరింపజేసి ఇంట్లో దాచుకున్న రీళ్లు 2009లో బయటపడబట్టే ఇది మనకు దక్కింది. నలుపు తెలుపు బొమ్మ కొంత మసకగా ఉన్నా, మెల్ అలెన్, బాబ్ ప్రిన్స్‌ల పొదుపైన వ్యాఖ్యానం, మధ్యమధ్య ప్రేక్షకుల హోరును వినిపించనిచ్చే మౌనం నేటి వాగ్ధాటికి అలవాటుపడిన చెవులకు (నావీ అవే) హాయిగా ఉన్నాయి. పైరేట్స్ ఆటగాడు మజెరోస్కీ కొట్టిన బంతి ఎడమవైపు గోడ దాటి జట్టు 10-9తో గెలిచే క్షణాన్ని, అప్పటికి రీప్లే లేదు కనుక, రెప్ప వేయకుండా చూడాలి. బేస్‌బాల్ నియమాలు తెలియనివారికి మాత్రం రెండున్నర గంటలు భారమే.