లావెన్‌హమ్‌కి వంద మార్కులు, బరీలో మా బసకి సున్నా

ఇంగ్లాండులో సఫోక్ అనే కౌంటీలోని పాత ఊళ్లు చూడాలనుకునేవాళ్లకి ముందే చెబుతున్నా. ఊళ్లు బంగారం. బస మాత్రం ఫోన్ చేసి, అన్నీ అడిగి తెలుసుకున్నాకే బుక్ చేయండి.

చీరాల నుంచి వచ్చిన అత్తయ్య, మామయ్యలతో మేం రెడింగ్ నుంచి కార్లో బరీ సెయింట్ ఎడ్మండ్స్ వెళ్లాం. ప్రయాణం హాయిగా సాగింది. టెన్షన్ అంతా బస దగ్గరే మొదలైంది. పాతకాలపు సత్రం లాంటి హోటల్, నలుగురికి ఫ్యామిలీ రూమ్, రాత్రికి 148 పౌండ్లు. తీరా వెళ్తే రూమ్ మూడో అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. మెట్లు ఎంత ఇరుకంటే సూట్‌కేస్ అడ్డంగా పట్టుకుంటే మలుపు తిరగదు. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. కింద రూమ్ ఇమ్మంటే ఇంకో 30 పౌండ్లు కట్టమన్నారు. "వద్దులేమ్మా, ఎక్కేస్తాను" అంటూ ఆవిడ గోడ పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కారు. మర్నాడు పొద్దున చూస్తే ఆ కింది రూమ్ తలుపు తీసే ఉంది, మంచం మీద దుప్పటి మడత కూడా చెదరలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

పార్కింగ్ ఉందని రాశారు గానీ దానికి 15 పౌండ్లు వేరే అని రాయలేదు. రాత్రి పదికల్లా హీటర్ చల్లబడిపోయింది. మామయ్య శాలువా మీద స్వెటర్ వేసుకుని పడుకున్నారు. పొద్దున శాకాహార బ్రేక్‌ఫాస్ట్ అంటే రెండు టోస్టులు, బీన్స్, ఒక పుట్టగొడుగు. మనిషికి 14.50. మావారు ఒక్క మాట మాట్లాడకుండా బిల్లు కట్టేశారు. ఆయన కోపం అలాగే ఉంటుంది.

ఊరు మాత్రం చాలా బాగుంది. బుధ, శనివారాల్లో సంత. మేం వెళ్లింది శనివారమే కాబట్టి పళ్లు, చీజ్, వేడి రొట్టెలతో కడుపు నిండింది. 1539లో మూతపడిన పెద్ద మఠం శిథిలాల మధ్య తోట ఉంది, టికెట్ లేదు. పాత చర్చి ముందు గోడ శిథిలాల్లోనే ఇళ్లు కట్టేసుకున్నారు. అది తప్పక చూడండి.

బరీ నుంచి లావెన్‌హమ్ అనే పాత నేత ఊరికి కారు తీయకుండా బస్సులో వెళ్లాం. లోకల్ బస్సుల్లో ఇప్పుడు ఒక వైపు టికెట్ గరిష్ఠంగా 3 పౌండ్లే. 1520లలో ఇంగ్లాండులోని సంపన్నమైన ఊళ్లలో ఇదొకటి, అంతా ఉన్ని బట్ట మీద వచ్చిన డబ్బే. తర్వాత నేత పని పడిపోయింది. కొత్త ఇళ్లు కట్టే స్తోమత లేక పాతవాటిలోనే ఉండిపోయారు. అందుకే ఆ కలప ఇళ్లు ఇప్పటికీ నిలిచాయి. పచ్చి ఓక్ దూలాలు ఆరుతూ వంగి, పక్కింటి మీదకి ఒరిగిపోయాయి.

మామయ్య మగ్గం మీద పెరిగిన మనిషి. గిల్డ్‌హాల్లో, అంటే పాతకాలపు సంఘం భవనంలో, నేత గురించి పెట్టిన ప్రదర్శన దగ్గర కదలనే లేదు. ఇక్కడి నీలి బట్ట పేరు మోసింది. వోడ్ అనే మొక్క ఆకులతో ఆ రంగు వేసేవారని చెబితే, నీలిమందు తొట్ల సంగతులు మొదలుపెట్టారు. 1525లో 8వ హెన్రీ యుద్ధం కోసం పన్ను అడిగితే, పని పోయిన నేతగాళ్లు వేలల్లో ఇక్కడ గుమిగూడారు. మీ నాయకుడెవరని రాజు తరఫున వచ్చిన నార్ఫోక్ డ్యూక్ అడిగితే, "అతని పేరు పేదరికం" అన్నాడట వాళ్ల తరఫున మాట్లాడిన జాన్ గ్రీన్. చివరికి రాజు ఆ పన్ను మానుకున్నాడు. ఇది వివరించగానే మామయ్య, "మగ్గం ఆగితే ఇంకేం చేస్తారమ్మా" అన్నారు. అప్పటిదాకా నేను దాన్ని రాజుల చరిత్రగానే చదివాను.

టీ, స్కోన్లు ఇద్దరికి 13 పౌండ్లయ్యాయి. ఖరీదే అయినా, అత్తయ్య కోసం కుర్చీ మీదకి దిండు తెచ్చి వేసిన ఆ అమ్మాయికి టిప్ ఇచ్చి వచ్చాను.

పెద్దవాళ్లతో వెళ్తే మెట్లు ఎన్ని, హీటర్ ఎప్పటిదాకా, పార్కింగ్ ఎంత అన్నీ అడిగి, జవాబు మెయిల్‌లో రాయించుకోండి. మా 15 పౌండ్ల కోసం పెట్టిన మెయిల్‌కి ఇంకా జవాబు రాలేదు. వదిలే ఉద్దేశం నాకు లేదు.