పీఎస్5: మిషన్ మనది, సేవ్ ఫైలు మాత్రం అద్దెకు

కొత్తగా కొన్న వారంలో రాసే సమీక్షల్లో గ్రాఫిక్స్, కంట్రోలర్, లోడింగ్ వేగం, వీటి గురించే ఉంటుంది. సోనీ గేమ్ కన్సోల్ పీఎస్5లో అవన్నీ బాగున్నాయి, ఇన్నేళ్లు వాడాక కూడా బాగానే ఉన్నాయి. తిరుపతి మే నెల ఎండల్లో ఏసీ లేని గదిలో ఆడినా నా మిషన్ వేడెక్కి ఆగిపోయింది లేదు. కాబట్టి వాటి జోలికి పోను. నా దగ్గరున్నది 2021లో మన దేశానికి వచ్చిన మొదటి మోడల్, డిస్క్ పెట్టేది. వాడగా వాడగా విసుగు తెప్పించినవి రెండు: స్టోరేజీ, ఆన్‌లైన్ సేవలు. మొదటిది డబ్బు పెడితే తీరిపోయే బాధ. రెండోది అలా కాదు. కట్టినన్నాళ్లే సుఖం, అదీ సగమే.

ముందు స్టోరేజీ సంగతి. డబ్బా మీద 825 జీబీ అని ఉంటుంది. ఆన్ చేసి సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే ఆటలకు మిగిలేది దాదాపు 667 జీబీ. మిగతాది సిస్టమ్ తనకోసం ఉంచుకుంటుంది. ఫోనుకైతే అది చాలా ఎక్కువే, ఇప్పటి ఆటలకు మాత్రం చాలదు. కాల్ ఆఫ్ డ్యూటీని అన్ని భాగాలతో ఎక్కిస్తే 200 జీబీ దాటిన సందర్భాలున్నాయి. కార్ల పందేల ఆట గ్రాన్ టురిస్మో 7 ఒక్కటే వంద జీబీ పైన తింటుంది. ఇలాంటివి నాలుగైదు పడితే ఇక చోటు లేదనే మాటే.

ఒక్కడే ఆడుకునే ఇంట్లో దీనితో సర్దుకోవచ్చు. మా ఇంట్లో అలా కుదరదు. సెలవులొస్తే అక్క కొడుకులిద్దరూ చిత్తూరు నుంచి దిగుతారు. వచ్చిన రోజు సాయంత్రమే ఏ ఆట తీసేయాలన్న పంచాయితీ మొదలు. "నీ కార్ల ఆట తీసేద్దాం మామా, మళ్లా వేసుకోవచ్చు కదా" అంటాడు చిన్నోడు, వాడి ఫుట్‌బాల్ ఆటను మాత్రం ముట్టుకోనివ్వకుండా. మళ్లా వేసుకోవడం వాడు చెప్పినంత తేలిక కాదు. 100 ఎంబీపీఎస్ లైను పూర్తి వేగంతో వచ్చినా వంద జీబీ దిగడానికి రెండు గంటల పైనే పడుతుంది. వీధి మొత్తం సీరియళ్లూ ఓటీటీలూ చూసే వేళ ఆ పూర్తి వేగం రాదు. రాత్రి రెస్ట్ మోడ్‌లో, అంటే పూర్తిగా ఆపకుండా నిద్రపుచ్చి, వదిలేసి పడుకుంటే తెల్లారేసరికి దిగి ఉంటుంది, మధ్యలో కరెంటు పోకపోతే. రెస్ట్ మోడ్‌లో ఉండగా కరెంటు పోతే మళ్లీ ఆన్ చేసినప్పుడు సరిగా ఆపలేదని మనల్నే తప్పుపడుతుంది, స్టోరేజీని కాసేపు తనిఖీ చేసుకుంటుంది. అందుకే మా ఇంట్లో టీవీ, రౌటర్, కన్సోల్ మూడూ ఇన్వర్టర్ లైను మీదే.

మామూలు యూఎస్‌బీ హార్డ్ డిస్క్ పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకోవచ్చు, కానీ పనికొచ్చేది సగమే. పీఎస్4 ఆటలు దాని మీద నుంచే నడుస్తాయి. పీఎస్5 ఆటలను అందులో దాచుకోవడానికి 2021 ఏప్రిల్ అప్‌డేట్‌తో వీలిచ్చారు, ఆడటానికి మాత్రం వీల్లేదు. ఆడాలంటే మళ్లీ లోపలికి కాపీ చేయాలి. నిజానికి ఇది చెడ్డ ఏర్పాటేమీ కాదు. వంద జీబీ కాపీకి పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది, డౌన్‌లోడ్ కంటే వంద రెట్లు నయం. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ బ్యాకప్ డిస్క్ ఏదైనా ఊరికే పడి ఉంటే ముందు దాన్ని తగిలించండి.

అసలు పరిష్కారం ఎం.2 ఎస్ఎస్‌డీ, అంటే కన్సోల్ లోపల బిగించే చిన్న స్టోరేజీ కార్డు. దాని స్లాట్ మొదటి రోజు నుంచీ కన్సోల్‌లోనే ఉంది, కానీ 2021 సెప్టెంబర్ అప్‌డేట్ వచ్చేదాకా పని చేయలేదు. డబ్బులు తీసుకుని తలుపుకు తాళం వేసి ఇవ్వడమే కదా ఇది. ఇప్పుడు కొనేవాళ్లు చూడాల్సినవి: జెన్4 (నాలుగో తరం) అయి ఉండాలి, రీడ్ వేగం సెకనుకు 5,500 ఎంబీ ఉండటం మంచిది, హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు ముక్క) తప్పనిసరి, హీట్‌సింక్‌తో కలిపి మందం 11.25 మిల్లీమీటర్లు దాటకూడదు. కంప్యూటర్‌కి అమ్మే పెద్ద పెద్ద హీట్‌సింక్‌లు కొన్ని ఇందులో పట్టవు. ఇక్కడి అంగళ్లలో అడిగితే ఒకచోట జెన్3 చూపించి "రెండూ ఒకటే సార్" అన్నారు. ఒకటి కాదు, జెన్3ని పీఎస్5 ఒప్పుకోదు. చివరికి సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్లి రిచ్చీ స్ట్రీట్‌లో ఒక టీబీది తెచ్చుకున్నాను. అప్పట్లో దాదాపు రెండు కంట్రోలర్ల ధర అయింది. ఈ మధ్య ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ఎస్ఎస్‌డీ ధరలు మళ్లీ పైకెక్కాయి. బిగించడం మాత్రం చాలా సులువు. పక్క పలక లాగితే వచ్చేస్తుంది, ఒక స్క్రూడ్రైవర్ చాలు, వారంటీ కూడా పోదు. ఆ తర్వాత పిల్లలతో పంచాయితీ లేదు. తర్వాత వచ్చిన సన్నటి పీఎస్5, డిస్క్ ఉన్న స్లిమ్ మోడల్‌లో 1 టీబీ ఇస్తున్నారు కాబట్టి కొత్తగా కొనేవాళ్లకు ఈ అవసరం కొంచెం ఆలస్యంగా వస్తుంది, అంతే తేడా.

ఇక అసలు మాట, సేవ్ ఫైళ్లు.

ఒక పెద్ద ఆటను నెలల తరబడి ఆడితే మిగిలేది, ఎక్కడిదాకా ఆడామో దాచుకునే కొన్ని ఎంబీల ఫైలు. ఆటను ఎన్నిసార్లయినా మళ్లీ దించుకోవచ్చు, ఆ చిన్న ఫైలు పోతే మాత్రం మళ్లీ రాదు. పీఎస్4లో పెన్‌డ్రైవ్ గుచ్చి దాన్ని కాపీ చేసుకునేవాళ్లం. పీఎస్5 ఆటలకు ఆ వీలు తీసేశారు. ఇదే కన్సోల్ మీద పీఎస్4 ఆట ఆడితే దాని సేవ్ ఇప్పటికీ పెన్‌డ్రైవ్‌లోకి వెళ్తుంది! అంటే చేతకాక కాదు, ఇష్టం లేక. పీఎస్5 సేవ్‌కు రోజువారీ కాపీ కావాలంటే క్లౌడ్ (నెట్ ద్వారా సోనీ సర్వర్లలో దాచడం) ఒక్కటే దారి, క్లౌడ్ కావాలంటే ప్లేస్టేషన్ ప్లస్ అనే సోనీ ఆన్‌లైన్ చందా కట్టాలి. అదే ఎక్స్‌బాక్స్‌లో క్లౌడ్ సేవ్‌కు చందా అక్కర్లేదు.

కన్సోల్ మొత్తాన్ని యూఎస్‌బీ డిస్క్‌లోకి బ్యాకప్ తీసే ఏర్పాటు ఉంది కదా అనవచ్చు. ఉంది. కానీ తిరిగి ఎక్కించాలంటే కన్సోల్‌ను పూర్తిగా చెరిపేసి మొదటి నుంచి నింపుతుంది. ఒక ఆట సేవ్ కోసం ఇల్లు పడగొట్టి కట్టుకోవడం ఎవరూ చేయరు. పాత కన్సోల్ బాగుంటే కొత్తదానికి నేరుగా మార్చుకోవచ్చు, అది కూడా నిజమే. పాతది చచ్చిపోతేనే చిక్కు.

కొర్లగుంటలో నా మిత్రుడికి జరిగింది ఇదే. ఒక వానాకాలం సాయంత్రం పిడుగు పడి వోల్టేజీ ఎక్కువై వాడి పీఎస్5 బోర్డు పోయింది. ఈ కన్సోల్‌లో స్టోరేజీ చిప్‌లు బోర్డుకే అతికించి ఉంటాయి, బోర్డు మారిస్తే అందులో ఉన్నవన్నీ పోయినట్టే. వాడు ఎం.2 కూడా వేసుకున్నాడు, ఆటలన్నీ అందులోనే ఉన్నాయి. కానీ సేవ్‌లు ఉండేది ఎప్పుడూ లోపలి స్టోరేజీలోనే. ఆ సమయానికి ప్లస్ కట్టడం ఆపేసి ఉన్నాడు. "ఆటలన్నీ ఉండాయి అన్నా, నేనే లేను" అన్నాడు ఫోన్‌లో. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ ఫోన్ వచ్చిన రోజు నుంచి నేను ప్లస్ కడుతున్నది ఆన్‌లైన్ ఆట కోసం కాదు, ఉచితంగా ఇచ్చే నెలవారీ ఆటల కోసం అసలే కాదు, సేవ్‌ల కోసం. అయితే ఆ చందా కట్టడం కూడా ఒక పనే. ఆటోమేటిక్ చెల్లింపుల మీద రిజర్వ్ బ్యాంక్ కొత్త నిబంధనలు 2021 అక్టోబర్ నుంచి అమల్లోకి వచ్చాక నా కార్డుతో రెన్యూవల్ ఆగిపోయింది. వాలెట్ కోడ్ కొని నింపుకోవడం అలవాటు చేసుకున్నాను. 2023 సెప్టెంబర్‌లో ఏడాది ప్లాన్ల ధరలు ప్రపంచమంతటా పెంచారు. అమెరికాలో అన్నిటికంటే కింది ప్లాన్ ఎసెన్షియల్ 59.99 డాలర్ల నుంచి 79.99కి వెళ్లింది, మనకూ పెరిగింది. పైగా ఇక్కడ అన్నిటికంటే పై ప్లాన్ పేరు డీలక్స్. బయటి దేశాల్లో ప్రీమియం పేరుతో ఇచ్చే క్లౌడ్ స్ట్రీమింగ్ ఇందులో లేదు, దానితో పాటు పీఎస్3 ఆటలూ లేవు. నా సలహా అడిగితే ఎసెన్షియల్ దాటి పైకి పోవద్దు.

ఆన్‌లైన్ మీద ఆధారపడటం ఎంత ఇబ్బందో తిరుపతిలో 2021 నవంబర్ వరదల్లో అర్థమైంది. మా వీధిలో కరెంటు వచ్చాక కూడా కొన్ని రోజులు నెట్ రాలేదు. డిస్క్ ఆటలు నడిచాయి. స్టోర్‌లో కొన్నవి కూడా నడిచాయి, ఎందుకంటే సెట్టింగ్స్‌లో కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే ఆన్ చేసి ఉంది. మీ దాంట్లో ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. కానీ నెట్ లేకపోతే ఏ సెట్టింగూ కాపాడలేని ఆటలున్నాయి. గ్రాన్ టురిస్మో 7లో ఒంటరిగా ఆడే భాగం కూడా చాలావరకు సర్వర్‌తో ముడిపడి ఉంది. 2022 మార్చిలో 1.07 అప్‌డేట్ తర్వాత సర్వర్లు 30 గంటలకు పైగా మూతబడితే, డబ్బు పెట్టి డిస్క్ కొన్నవాళ్లు కూడా తెర చూస్తూ కూర్చున్నారు. 2025 ఫిబ్రవరి 8, శనివారం, ఏకంగా సోనీ ఆన్‌లైన్ నెట్‌వర్క్ పీఎస్ఎన్ మొత్తం దాదాపు ఒక రోజు పడిపోయింది. పిల్లలకు సెలవు రోజు, నాకూ సెలవు రోజు. తర్వాత సోనీ "నిర్వహణ సమస్య" అన్న ఒక్క మాటతో సరిపెట్టి, ప్లస్ సభ్యులకు ఐదు రోజులు పొడిగించింది. ఎందుకు పడిందో చెప్పి ఉంటే ఆ ఐదు రోజులు ఇవ్వకపోయినా ఊరుకునేవాణ్ణి.

పింగ్ (సర్వర్‌కు సంకేతం పోయి రావడానికి పట్టే సమయం) గురించి ఎక్కువ చెప్పను, అందులో కన్సోల్ తప్పు తక్కువ. ముంబైలో సర్వర్లున్న ఆటలు హాయిగా నడుస్తాయి. సింగపూర్ సర్వరైనా మనకు మరీ దూరం కాదు, సముద్రపు కేబుల్ వచ్చి దిగేది పక్కనున్న చెన్నైలోనే. చెన్నై-సింగపూర్ ఐ2ఐ కేబుల్ 3,200 కిలోమీటర్లు, కాంతి పోయి రావడానికే 32 మిల్లీసెకన్లు పడుతుంది, దాని మీద మిగతా ఖర్చులు. యూరప్ సర్వర్లకు కలిపే ఆటలతోనే తంటా. మన వైపు చిక్కు ఇంకోటుంది: చిన్న చిన్న నెట్ ఆపరేటర్లు చాలామందికి కలిపి ఒకే పబ్లిక్ ఐపీ, అంటే ఒకే నెట్ చిరునామా, ఇస్తారు. కన్సోల్‌లో నాట్ టైప్ 3 (బయటివాళ్లతో నేరుగా కలవలేని కనెక్షన్) అని వస్తుంది, పార్టీలో, అంటే ఆడుతూ కలిసి మాట్లాడుకునే గుంపులో, ఒకరి గొంతు ఇంకొకరికి వినపడదు. మా ఆపరేటర్ కుర్రాడికి ఇది అర్థమయ్యేలా చెప్పడానికే ఒక సాయంత్రం పట్టింది. నెలకు కొంచెం ఎక్కువ కట్టి విడిగా ఐపీ తీసుకున్నాక పోయింది.

స్టోర్‌లో కొనేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోవాలి. వాపసుకు 14 రోజుల గడువు అంటారు, కానీ డౌన్‌లోడ్ మొదలైతే ఆ గడువు మనకు వర్తించదు. కొన్న వెంటనే డౌన్‌లోడ్ దానంతటదే మొదలయ్యేలా ఉంటే ఇక చెప్పేదేముంది. డిస్క్ అయితే నచ్చకపోతే సగం ధరకైనా ఎవరో ఒకరు తీసుకుంటారు.

మొన్న మా పెద్ద మేనల్లుడు డిస్క్ డ్రైవ్ లేని డిజిటల్ ఎడిషన్ కొంటానన్నాడు, ధర తక్కువ కదా అని, కావాలంటే స్లిమ్‌కి డిస్క్ డ్రైవ్ తర్వాత తగిలించుకోవచ్చని. తగిలించుకోవచ్చు, నిజమే. కానీ ఆ డ్రైవ్‌ను మొదటిసారి బిగించాక కన్సోల్‌తో జత చేయడానికి కూడా నెట్ కావాలి. డిస్క్ ఉన్నదే కొనమని చెప్పాను.