బౌద్ధాలో టిబెటన్ వైద్యం కోర్సు: ఒక ఎంబీబీఎస్ విద్యార్థిని రివ్యూ

నేపాల్‌లో శనివారం సెలవు. కఠ్మాండులో ఎంబీబీఎస్ చదువుతూ, ఆ శనివారాల్లో బౌద్ధా (నగరంలోనే పెద్ద బౌద్ధ స్తూపం ఉన్న పేట) వెళ్ళి టిబెటన్ వైద్యం పరిచయ కోర్సు ఒకటి పూర్తి చేశాను. చేరేముందు తెలుగులో ఎవరైనా రాశారేమోనని వెతికితే ఏమీ కనపడలేదు, అందుకే ఇది. ముందే తేల్చేస్తాను: నాడి క్లాసులకు, పటాల క్లాసులకు పెట్టిన డబ్బు వసూలైంది. మందుల క్లాసులు తీసికట్టు. సర్టిఫికెట్ మీద ఆశతో మాత్రం ఎవరూ వెళ్ళకండి. క్లినిక్ పేరు రాయడం లేదు. కింద కొన్ని ఫిర్యాదులున్నాయి, పైగా స్తూపం చుట్టుపక్కల సందుల్లో ఇలాంటి క్లినిక్కులు ఇంకా ఉన్నాయి, మీరు చేరబోయేది వేరొకటి కావచ్చు.

"అదేంటమ్మా, లక్షలు కట్టి నేపాల్ పంపింది నాడి పట్టడం నేర్చుకోడానికా? మన ఖమ్మంలో ఆయుర్వేదం డాక్టర్లు లేరా?" అన్నారు నాన్న ఫోన్లో. ఉన్నారు. నిజానికి ఈ వైద్యంలో పెద్ద భాగం మన దేశం నుంచి వెళ్ళిందే. వాగ్భటుడి ఆయుర్వేద గ్రంథం అష్టాంగ హృదయం 11వ శతాబ్దంలో రించెన్ సాంగ్పో అనే టిబెటన్ అనువాదకుడి చేతుల మీదుగా టిబెటన్‌లోకి వెళ్ళింది. మన వాత పిత్త కఫాలకు అక్కడ లుంగ్, త్రీపా, బేకెన్ అని పేర్లు. చైనా వైపు నుంచి వచ్చిన పద్ధతులు, టిబెట్ కొండల్లో సొంతంగా పుట్టినవి కూడా వాటితో కలిశాయి. మొత్తానికి దీన్ని సోవా రిగ్పా అంటారు. మూలగ్రంథం గ్యూషి, అంటే నాలుగు తంత్రాలు, 156 అధ్యాయాలు. 12వ శతాబ్దపు టిబెటన్ వైద్యుడు యుతోక్ యొంతెన్ గొన్పో పేరు మీద చెలామణీలో ఉంది. పూర్తి డిగ్రీ చేసేవాళ్ళు ఇందులో భాగాలకు భాగాలు కంఠతా పట్టి పెద్దల ముందు గొంతెత్తి అప్పజెప్పాలి. మాలాంటి శనివారం బ్యాచ్‌కి ఆ బాధ లేదు.

మాకు ముందు చెప్పింది చెట్టు. గ్యూషిలో వైద్యం మొత్తాన్ని చెట్టు బొమ్మగా గీస్తారు. మూడు వేర్లు, వాటి నుంచి తొమ్మిది కాండాలు, 47 కొమ్మలు, 224 ఆకులు. మొదటి వేరు శరీరం: ఆరోగ్యం, రోగం అని రెండు కాండాలు. రెండోది పరీక్ష: చూడటం, తాకడం, అడగడం. మూడోది చికిత్స: ఆహారం, నడవడి, మందు, పైపూత మసాజు వగైరా బయటి చికిత్సలు. ఆ వరుస కూడా ఊరికే పెట్టింది కాదట. ముందు తిండి సరిచెయ్యాలి, తర్వాత అలవాట్లు, అప్పుడు మందు, ఆఖర్న మాత్రమే వాతలూ సూదులూ. కేసు ప్రెజెంటేషన్‌లో ప్రొఫెసర్ ముందు బిక్కమొహం వేసే మాలాంటివాళ్ళకు ఇది బాగా పనికొచ్చింది. రోగిని ఏం అడగాలో మర్చిపోతే కాండాలు లెక్కపెట్టుకుంటాను.

గోడల మీద పాత వైద్య పటాల నకళ్ళు వేలాడదీశారు. 17వ శతాబ్దం చివర్లో అప్పటి టిబెట్ పాలకుడు (దేసి అంటే రాజప్రతినిధి) దేసి సంగ్యే గ్యాత్సో గీయించిన 79 పటాలు అవి. లాసాలో చాగ్పోరి వైద్య కళాశాల 1696లో పెట్టించింది కూడా ఆయనే (ఆ భవనం 1959లో నాశనమైంది). నేను ఎక్కువసేపు నిలబడిపోయింది గర్భం పటం దగ్గర. పిండం 38 వారాలు ఎలా ఎదుగుతుందో వారం వారం లెక్క రాసి, మధ్యలో మూడు దశలు గీశారు: చేప, తాబేలు, పంది. మత్స్య, కూర్మ, వరాహ! క్లాసులో జర్మన్లు, యోగా టీచర్లు ఎక్కువ, నేను ఎందుకు నవ్వానో వాళ్ళకు దశావతారాల దగ్గర్నుంచి చెప్పాల్సొచ్చింది. ఎంబ్రియాలజీ లెక్కన ఆ దశలు కుదరవు. కానీ 38 వారాలనే అంకె దగ్గర మాత్రం ఇవాళ్టి పాఠ్యపుస్తకంతో పేచీ లేదు.

వీపు మీద వాతలూ సూదులూ వేసే బిందువులు గుర్తించే క్లాసులో ఇంకో తిరకాసు. అనాటమీలో మనం సీ7 అనే వెన్నుపూస (మెడలో ఆఖరిది) వీళ్ళకు ఒకటో పూస. ఇది ముందే బుర్రలో పెట్టుకోకపోతే లెక్కంతా ఒక పూస పైకో కిందకో జరిగిపోతుంది. క్లాసులో ఎవరూ దీన్ని విడమర్చి చెప్పలేదు, మెడికోలు గుర్తుపెట్టుకోండి.

ఇక నాడి. కోర్సుకు ప్రాణం ఇదే. చెప్పిన అమ్చీ (వైద్యుణ్ణి ఇక్కడ అలాగే అంటారు, గౌరవంగా అమ్చీ-లా) డెబ్భై దాటిన పెద్దాయన. నాడి తెల్లవారుజామున, తిండీ పనీ మొదలుకాకముందు చూడాలి, అందుకే క్లాసు పొద్దున ఏడింటికి. రోగి మణికట్టు ముడత దగ్గర్నుంచి బొటనవేలి కణుపంత వదిలి, మూడు వేళ్ళు ఒకదానికొకటి తగలకుండా పెట్టాలి. చూపుడువేలు చర్మం వరకు, నడిమివేలు కండ వరకు, ఉంగరపువేలు ఎముక వరకు నొక్కాలి. మగవాళ్ళకు ముందు ఎడమ చెయ్యి, ఆడవాళ్ళకు కుడి. ఒక్కో వేలికొనను రెండు సగాలు చేసి, ఒక సగం కింద ఒక గట్టి అవయవం, ఇంకో సగం కింద ఒక బోలు అవయవం తెలుస్తాయంటారు. రేడియల్ ఆర్టరీ (మణికట్టు దగ్గర కొట్టుకునే రక్తనాళం) ఒక్కటే గొట్టం కదా, ఉంగరపువేలి కింద కిడ్నీ ఎలా తగులుతుందండీ అని అడిగాను. "నలభై ఏళ్ళు పెట్టు, తగులుతుంది" అని నవ్వారు. నేను నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను.

లెక్క మాత్రం నచ్చింది. వైద్యుడు ప్రశాంతంగా ఒక ఊపిరి తీసి వదిలేలోపు రోగి నాడి ఐదుసార్లు కొట్టుకుంటే ఆరోగ్యం. ఎక్కువైతే వేడి, తక్కువైతే చలువ. నిమిషానికి 14 ఊపిరులనుకుంటే 70 వస్తుంది, వాచీ అక్కర్లేదు. నా నాడి చూసి లుంగ్ పెరిగిందన్నారు, నిద్ర చాలట్లేదన్నారు, ఖాళీ కడుపున కాఫీ మానమన్నారు. ఎంబీబీఎస్ విద్యార్థికి నిద్ర చాలట్లేదని చెప్పడానికి నాడి పట్టాలా! ఎముకల సూపు తాగమనీ, పడుకునేముందు నువ్వుల నూనె మాడుకు రాసుకోమనీ చెప్పారు. పరీక్షల టెన్షన్‌లో ఆ నూనె హాయిగానే ఉంది.

ఇంకొక రోజు ఒక షెర్పా ముసలావిడ వచ్చింది. ఆయన రెండు చేతులూ మార్చి మార్చి చాలాసేపు పట్టుకున్నారు, ఒక్క మాట లేదు. మా ఓపీలో పల్స్ చూడటానికి పది సెకన్లు కూడా ఎవరూ పెట్టరు. తర్వాత ఆవిడకు మందు ఇవ్వకుండా, దెబ్బలు మధ్యలో తప్పుతున్నాయి, పెద్దాసుపత్రికి వెళ్ళి ఈసీజీ తీయించుకో అని చీటీ రాసి పంపారు. నన్నూ పట్టుకుని చూడమన్నారు. నిజంగానే తప్పుతోంది.

మూత్ర పరీక్ష క్లాసు సగంమందికి నచ్చలేదు, నాకు నచ్చింది. పొద్దున మొదటి మూత్రాన్ని తెల్లగిన్నెలో పోసి పుల్లతో చిలికి రంగు, ఆవిరి, వాసన, నురగ చూస్తారు. పెద్ద పెద్ద బుడగలైతే లుంగ్. ఎర్రబారిన పసుపు, ఘాటు వాసన అయితే త్రీపా. తెల్లగా ఉండి ఉమ్మిలాంటి సన్న నురగ వస్తే బేకెన్. నురగ చాలాసేపు నిలబడితే ప్రోటీన్ పోతోందేమోనని నేను అనుకున్నాను, పక్కనున్న యోగా టీచరు ఆవిడ ఇంకేదో రాసుకుంది.

మందుల క్లాసులు మొదట్లో బాగానే సాగాయి. అరూరా, బరూరా, క్యురూరా అని మూడు గిన్నెలు ముందు పెట్టారు. చూస్తే కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ, మన త్రిఫలాలే. వైద్య బుద్ధుడి బొమ్మలో కుడిచేతిలో ఉండేది ఆ కరక్కాయ కొమ్మే. దగ్గొస్తే మా అమ్మమ్మ బుగ్గన పెట్టించేది కూడా అదే.

గొడవంతా రించెన్ రిల్బుల దగ్గర, అంటే పట్టుగుడ్డలో చుట్టి అమ్మే విలువైన మాత్రల దగ్గర వచ్చింది. వీటిలో కొన్నిటిలో త్సోతెల్ అనే శుద్ధి చేసిన పాదరసం కలుపుతారు. ఫార్మకాలజీలో పాదరసం కిడ్నీకి ఏం చేస్తుందో చదువుకుని వచ్చినదాన్ని, ఒక మాత్రలో ఎంత ఉంటుంది, ల్యాబ్ రిపోర్టు ఉందా అని అడిగాను. అసిస్టెంటు "శుద్ధి చేశాక విషం ఉండదు" అనే మాట మూడు రకాలుగా చెప్పి, అదే మాత్రలు కౌంటర్లో కొనుక్కోవచ్చని గుర్తుచేశాడు. రిపోర్టు చూపించలేదు. అమ్మేవాళ్ళే పాఠం చెబితే ఇంతే. నేను కొనలేదు, మీరూ కొనకండి, గర్భిణులూ కిడ్నీ రోగులూ అయితే అటు చూడనే వద్దు.

ఫీజు నేపాలీ రూపాయల్లో చెబుతారు, మన రూపాయి అక్కడ 1.60 కాబట్టి వినడానికి ఉన్నంత భారం కాదు. అనువాదకుడు రాని శనివారాలు మాత్రం దండగ, డబ్బు వెనక్కి ఇవ్వలేదు. చివర్లో బంగారు రంగు అంచున్న సర్టిఫికెట్ ఇస్తారు. దానితో ఎక్కడా వైద్యం చెయ్యలేం. భారత్‌లో సోవా రిగ్పాకు 2010లో చట్టపరంగా గుర్తింపు వచ్చింది, ప్రాక్టీసు చెయ్యాలంటే లేహ్‌లోనో సార్‌నాథ్‌లోనో టిబెటన్ భాష నేర్చుకుని బీఎస్ఆర్ఎంఎస్ అనే పూర్తి డిగ్రీ చెయ్యాల్సిందే.

మెడికోలైతే ఫిజియాలజీ అయిపోయాక చేరండి, అప్పుడే దేన్ని నమ్మాలో దేన్ని అడగాలో తెలుస్తుంది. ఫీజు మొత్తం ముందే కట్టకుండా ఒక నాడి క్లాసు కూర్చుని చూస్తామని అడగండి, ఒప్పుకుంటారు. ఏడింటి బ్యాచే తీసుకోండి. పదింటి బ్యాచ్‌కి పెద్దాయన రాడు, పాఠం చెప్పేది ఆ అసిస్టెంటే.