చందమామ మీదికి తొలి ప్రయాణం: బొమ్మలు కదపాలా, బొమ్మలు గీయాలా?

వైజాగ్‌లో చంద్రుడు సముద్రంలోంచే పైకొస్తాడు. పున్నమి సాయంత్రం ఆర్కే బీచ్‌లో నిలబడితే, పడవేసుకుని ఆ అంచుదాకా వెళ్తే అందేస్తాడనే అనిపిస్తుంది. మనిషి తొలి చంద్రయాత్రను ఊహిస్తూ మూడు నిమిషాల యానిమేషన్ సినిమా తీయాలనుకునే మన ఊరి పిల్లలకి కథ కోసం వెతుకులాట అక్కర్లేదన్నమాట. తేల్చుకోవాల్సింది పద్ధతి. బొమ్మల్ని కొంచెం కొంచెం కదుపుతూ ఫొటోలు తీసే స్టాప్ మోషనా, చేత్తో గీసే టూడీనా, కంప్యూటర్‌లో చేసే త్రీడీనా?

త్రీడీని ముందే పక్కన పెట్టేస్తాను. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ ఉచితమే కానీ, అది నేర్చుకునేసరికే వేసవి సెలవులు అయిపోతాయి. పైగా మామూలు ల్యాప్‌టాప్ రెండరింగ్ దగ్గర, అంటే చేసినదాన్ని చివరి బొమ్మలుగా మార్చే దగ్గర, మొరాయిస్తుంది.

మిగిలిన రెండింట్లో లెక్క ఒకటే. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు, అంటే 24 కదలని చిత్రాలు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలిపితే సెకనుకి 12 చాలు. అంటే మూడు నిమిషాలకి 2,160. ఫొటోల పని నలుగురు పంచుకోవచ్చు. గీత పని అలా పంచితే హీరో ముక్కు నాలుగు రకాలుగా వస్తుంది.

అసలు తేడా చంద్రుడి నేల మీద తెలుస్తుంది. అక్కడ గాలి లేదు కాబట్టి పగలు కూడా ఆకాశం నల్లగానే ఉంటుంది, నీడలు చాకుతో కోసినట్టు పడతాయి. టూడీలో ఆ నీడల్ని ప్రతి ఫ్రేములోనూ గీయాలి. స్టాప్ మోషన్‌లో వెనక నల్లగుడ్డ, పక్కనుంచి ఒకే ఒక్క ఎల్‌ఈడీ బల్బు, కింద జల్లించిన బూడిద ఉంటే నీడలు వాటంతటవే వస్తాయి. కిటికీ మూసెయ్యాలి, ఫోన్‌లో ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుతురు ఎంతుండాలనే అమరిక) మారకుండా లాక్ చెయ్యాలి. లేకపోతే మబ్బు అడ్డొచ్చినప్పుడల్లా సినిమా మినుకు మినుకుమంటుంది. (నేల కోసం ఎర్రమట్టి దిబ్బల మట్టి మాత్రం తేవద్దు. అది రక్షిత ప్రదేశం. ఆ రంగు అంగారకుడికి సరిపోతుంది గానీ చంద్రుడికి కాదు.)

బొమ్మలంటే అందరికీ ఏటికొప్పాకే గుర్తొస్తుంది. లక్క బొమ్మ నౌకగా బావుంటుంది కానీ హీరోగా పనికిరాదు. చేతులు కదలవు, పైగా లక్క మెరుపులో బల్బు కనబడుతుంది. హీరోకి అల్యూమినియం తీగ మీద ప్లాస్టిసిన్ మట్టి అద్దడమే నయం. మన మే నెల ఉక్కలో ఆ మట్టి మెత్తబడిపోతుంది, కాబట్టి షూటింగ్ రాత్రిపూట పెట్టుకోండి.

ఇక గెంతుల దగ్గర టూడీదే పైచేయి. చంద్రుడి ఆకర్షణ భూమిలో ఆరోవంతే. మీటరు ఎత్తునుంచి వదిలిన సుత్తి ఇక్కడ అర సెకను లోపే నేలను తాకుతుంది, అక్కడ సెకను దాటుతుంది. మన లెక్కలో ఇక్కడ ఐదు బొమ్మలైతే అక్కడ పదమూడు. 1971లో అపోలో 15 యాత్రలో చంద్రుడి మీద వ్యోమగామి డేవిడ్ స్కాట్ సుత్తినీ ఈకనీ ఒకేసారి వదిలితే రెండూ కలిసే పడ్డాయి. ఆ వీడియో చూస్తే ఆ నెమ్మది ఎలా ఉంటుందో అర్థమవుతుంది. గీసేవాళ్లు పదమూడు కాగితాలు గీస్తే పనైపోతుంది. స్టాప్ మోషన్‌లో సుత్తిని తీగతో గాల్లో వేలాడదీసి, ఆ తీగని ఫ్రేము ఫ్రేములోనూ చెరపాలి. దుమ్మూ ఇంతే. గాలి లేనిచోట అది పొగలా తేలదు, వంపుగా ఎగిరి అదే వంపులో కిందికి పడిపోతుంది. దూది పెట్టి దుమ్ము అనిపిస్తే అబద్ధం తెలిసిపోతుంది.

నౌక లోపలి సీన్లకి కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియంలో ఓసారి తిరిగి రండి. ఇరుకు దారి, పైపులు, వాల్వులు, గోడకి అతుక్కున్న మంచాలు! ఆ గదిని టూడీలో ఒక్కసారి గీసుకుంటే సినిమా అంతా వాడుకోవచ్చు. సెట్టు కట్టాలంటే వారం పడుతుంది.

చెయ్యి తిరిగిన ఒక్కరే తీస్తుంటే టూడీ మేలు. స్నేహితుల గుంపైతే స్టాప్ మోషనే. గెంతు సీన్లకి భయపడి దాన్ని వదులుకోవద్దు. బొమ్మని నల్లగుడ్డ మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఫోన్‌ని పైనుంచి కిందికి చూసేలా బిగించి తీస్తే తీగా అక్కర్లేదు, చెరపడమూ అక్కర్లేదు.