ఐఈఎల్‌టీఎస్‌కు ఇంట్లోనే సన్నద్ధత: పాత పేపర్ల పుస్తకాలు, ఫోను రికార్డరు, ఒక తప్పుల నోటు – ఏడాదిన్నర వాడాక

విదేశీ చదువులకు అడిగే ఈ ఇంగ్లీషు పరీక్షలో లిజనింగ్, రీడింగ్, రైటింగ్, స్పీకింగ్ అని నాలుగు విభాగాలు, స్కోరు 9 దాకా ఉండే బ్యాండ్లలో ఇస్తారు. తేల్చి చెప్పాలంటే లిజనింగ్, రీడింగులకు ఈ సరంజామా చాలు. అనంతపురంలో కూర్చునే 7 బ్యాండ్ దాకా పోవచ్చు. స్పీకింగుకు ముప్పావు వంతు పనికొస్తుంది. రైటింగుకు మాత్రం చాలదు, దిద్దే మనిషి ఒకరు ఉండాల్సిందే. ఇదంతా కాలేజీ చదువులకు రాసే అకడమిక్ పరీక్ష, అదీ కంప్యూటరు మీద రాసేదాని గురించి.

సరంజామా ఏమిటంటే, కేంబ్రిడ్జ్ వాళ్ళు వేసే పాత పేపర్ల పుస్తకాలు రెండు (ఒక్కోదాంట్లో నాలుగు పూర్తి పరీక్షలు), వైరున్న హెడ్‌ఫోన్లు, ఫోనులో రికార్డరు, ఒక లాంగ్ నోటుబుక్కు, విడిగా ఒక కీబోర్డు. పుస్తకం ఒరిజినల్ కొనండి. సగం ధరకు దొరికే జిరాక్స్ కాపీల్లో రెండు ఇబ్బందులున్నాయి. ఆడియో దింపుకునే కోడు ఉండదు, ఉన్నా ఎవరో వాడేసి ఉంటారు. పటం చూసి వివరించే రైటింగ్ టాస్క్ 1లో ఆ పటాల రంగులన్నీ ఒకే బూడిద రంగులోకి దిగిపోతాయి. ఏ గీత ఏ దేశానిదో తెలియనప్పుడు ఏం రాస్తాం?

పుస్తకాల సంఖ్య గురించి ఒక మాట. పది పుస్తకాలు గుట్టగా పెట్టుకుని రోజుకో పరీక్ష రాసేవాళ్ళ స్కోరు కదలదు. ఎనిమిది పరీక్షల్ని నమిలి తినాలి. ఆ నమలడానికే తప్పుల నోటు. కోచింగ్ సెంటర్ల మాక్ టెస్టుల్లో చెయ్యించనిది సాధారణంగా ఇదే. అక్కడ 40కి 24 అని చెప్పి పంపిస్తారు, ఆ 16 ఎక్కడ పోయాయో చూసే తీరిక ఉండదు.

లిజనింగ్‌తో మొదలుపెడదాం. నాలుగు భాగాలు, 40 ప్రశ్నలు, సుమారు 30 నిమిషాలు, ఆడియో ఒక్కసారే. కాగితం పరీక్షలో జవాబులు ఎక్కించుకోవడానికి 10 నిమిషాలు అదనంగా ఇస్తారు. కంప్యూటరు మీద సరిచూసుకోవడానికి 2 నిమిషాలే. ఇంట్లో 10 నిమిషాల అలవాటుతో చేసి, హాల్లో 2 నిమిషాలకు కంగుతినేవాళ్ళు చాలామంది.

పరీక్ష అయ్యాక కీ చూసి తప్పులకు గుర్తు పెట్టండి. ఆడియోలోని మాటలన్నీ అచ్చువేసిన స్క్రిప్టు మాత్రం అప్పుడే తెరవద్దు. తప్పుపోయిన చోటు మళ్ళీ రెండుసార్లు విని, ఆ తర్వాతే స్క్రిప్టు చూడండి. నోటులో ప్రతి తప్పునూ ఒక గడిలో వెయ్యండి: మాట వినబడలేదు, వినబడింది కానీ స్పెల్లింగ్ పోయింది, చివరి 'ఎస్' వదిలేశాను, పదాల పరిమితి దాటాను, వలలో పడ్డాను. వల అంటే, ముందు ఒక తేదీ చెప్పి, "కాదు కాదు, ఆ రోజు కుదరదు" అని రెండోది చెప్తారు. మొదటిది రాసుకుని తల దించేసినవాడు దొరికిపోతాడు. నాలుగు పరీక్షలయ్యాక గడులు లెక్కపెడితే రోగం ఎక్కడుందో తెలిసిపోతుంది. నా నోటులో ఎక్కువగా నిండింది 'ఎస్' గడి.  ఇంగ్లీషులో ఆ ఒక్క అక్షరానికి మార్కు పోతుంది. ఫోను స్పీకరులో వింటే ఆ సన్నని శబ్దం గాలిలో కలిసిపోతుంది, హెడ్‌ఫోన్లు అందుకే. శ్రావణమాసం పెళ్ళిళ్ళ మైకుసెట్లు మోగేటప్పుడైతే హెడ్‌ఫోన్లు కూడా కాపాడలేవు, ఆ పూట రీడింగు పెట్టుకోండి.

స్పెల్లింగులో 'అకామడేషన్'కు రెండు 'సి', రెండు 'ఎమ్' అన్నది అందరూ చెప్తారు. అంతకన్నా ఎక్కువ మార్కులు తినేది పేర్లను అక్షరాలుగా చెప్పే చోటు. 'ఎ', 'ఇ', 'ఐ' మూడూ తికమక. 'హెచ్' అని విని పెరిగిన చెవికి 'ఎయిచ్' ఒక క్షణం ఆలస్యంగా ఎక్కుతుంది, ఆ క్షణంలో తర్వాతి రెండక్షరాలు దాటిపోతాయి. ఫోను నంబర్లలో సున్నాను 'ఓ' అంటారు. థర్టీన్, థర్టీ తేడా అంకెను విడిగా వింటే అందదు, నొక్కు ఎక్కడ పడిందో వినాలి.

రీడింగు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 60 నిమిషాలు, మూడు వ్యాసాలు, 40 ప్రశ్నలు, ఎక్కించుకోవడానికి విడిగా సమయం లేదు. పాఠాలు పోనుపోను కష్టమవుతాయి కాబట్టి 20-20-20 కన్నా 15-20-25 మేలు. ఇచ్చిన వాక్యం 'ట్రూ'నా, 'ఫాల్సా', 'నాట్ గివెనా' అని అడిగే ప్రశ్నలుంటాయి, మార్కులు పోయేది ఎక్కువగా ఆ 'నాట్ గివెన్' దగ్గరే. పాఠం ఎదురు చెప్తే 'ఫాల్స్', పాఠం ఆ సంగతే ఎత్తకపోతే 'నాట్ గివెన్'. మనకు బయట తెలిసిన విషయాన్ని లోపలికి తెచ్చుకుంటేనే గందరగోళం. అకడమిక్ రీడింగులోనూ లిజనింగులోనూ 30 దగ్గర 7 బ్యాండ్, 23 దగ్గర 6. పేపరును బట్టి ఒకటి రెండు అటూ ఇటూ అవుతుంది.

రైటింగు దగ్గర ఈ సరంజామా చేతులెత్తేస్తుంది. టాస్క్ 1కు కనీసం 150 పదాలు, 20 నిమిషాలు. టాస్క్ 2 అంటే వ్యాసం, దానికి కనీసం 250 పదాలు, 40 నిమిషాలు, దీని బరువు రెట్టింపు. పుస్తకం వెనక నమూనా జవాబులు ఉంటాయి, కొన్నిటికి ఎగ్జామినర్ వ్యాఖ్య కూడా ఉంటుంది. జవాబుకన్నా ఆ వ్యాఖ్యను చదవండి, బంగారం అక్కడుంది. టాస్క్ 1లో అంకెలన్నీ వరసగా అప్పజెప్పి, మొత్తం మీద ఏం జరిగిందో చెప్పే రెండు వాక్యాలు మరిస్తే, అడిగిన పని పూర్తిచేశామా అని చూసే కొలమానంలో 5 దగ్గర ఆగిపోతారు. అంకెలు ఎంత సరిగ్గా ఉన్నా సరే.

టాస్క్ 2లో మనవాళ్ళ ముద్ర దాగదు. 'డిస్కస్ అబౌట్', 'సిన్స్ ఫైవ్ ఇయర్స్', 'వన్ ఆఫ్ ది రీజన్', 'ఇన్ఫర్మేషన్స్', 'ఎక్విప్‌మెంట్స్', ఊరికే వేసే 'ఓన్లీ'. చివరిది మన 'మాత్రమే'కు, 'అదే'కు అనువాదం. వీటిని పట్టుకోవడానికి రాసిన మర్నాడు, ఒక్కో తప్పు కోసం వ్యాసమంతా విడిగా ఒకసారి చదవాలి. 'ఎ', 'ది' కోసం ఒకసారి, క్రియ కాలం కోసం ఒకసారి. అన్నీ ఒకేసారి వెతికితే ఏదీ దొరకదు. ఉచిత యాప్‌లు ఇచ్చే బ్యాండు అంకెను నమ్మొద్దు, ఒకే వ్యాసం రెండుసార్లు పెడితే రెండు అంకెలు వస్తాయి. రిటైరైన ఇంగ్లీషు లెక్చరర్లు మన ఊళ్ళో తక్కువేం లేరు, గ్రామరు వాళ్ళకన్నా బాగా ఎవరూ పట్టుకోరు. కాకపోతే సామెతతో మొదలుపెట్టమంటారు. ఆ ఒక్కటీ వినొద్దు.

ఉదాహరణలకు "ఒక యూనివర్సిటీ పరిశోధన ప్రకారం" అంటూ కల్లబొల్లి లెక్కలు రాయడం ఒక జబ్బు. వాన ముఖం చాటేసి చెనక్కాయ పంట పోతే ఇంటిల్లిపాదీ బెంగళూరుకు పనికి పోవడం మనకు కళ్ళెదుట ఉన్నదే. మూడు వాక్యాల్లో రాస్తే అంతకన్నా గట్టి ఉదాహరణ దొరకదు.

స్పీకింగు 11 నుంచి 14 నిమిషాలు. మాట్లాడాల్సిన అంశం రాసి ఇచ్చే క్యూ కార్డుకు ఒక నిమిషం ఆలోచన, తర్వాత రెండు నిమిషాల దాకా మాట. ఫోనులో రికార్డు చేసి, దాన్ని ఉన్నదున్నట్టు కాగితం మీద రాయండి. చేదుగా ఉంటుంది కానీ ఎన్ని 'యాక్చువల్లీ'లు పడ్డాయో అప్పుడే కనబడుతుంది. మన యాసకు మార్కులు కొయ్యరు, మాట అర్థం కాకపోతే కోస్తారు. చూసుకోవాల్సినవి మూడు. 'బస్సు', 'బుక్కు' అన్నట్టు చివర అచ్చు చేర్చడం. 'ఎనీ'ని 'యెనీ', 'ఓన్లీ'ని 'వోన్లీ' అనడం. అన్ని అక్షరాల మీదా ఒకే బరువు వెయ్యడం. 'డెవలప్‌మెంట్'లో నొక్కు 'వె' మీద పడాలి, మనం 'డె' మీద వేస్తాం. ఉచ్చారణ పరీక్షించుకోవడానికి వాయిస్ టైపింగు వాడితే విడి మాటలే చెప్పండి. వాక్యం చెప్తే సందర్భాన్ని బట్టి అదే సర్దేసుకుని మనల్ని మోసం చేస్తుంది.

బట్టీ పట్టిన జవాబును ఎగ్జామినర్ ఇట్టే పసిగడతారు. చూసిన చోటు గురించి అడిగితే తాజ్‌మహల్ దాకా పోనక్కర్లేదు. లేపాక్షిలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి లాగడం చెప్తే రెండు నిమిషాలు చాలవు. తిండి గురించయితే సంగటి, ఊరిబిండి. సంగటిని ఒక్క మాటలో అనువదించబోతే నోరు పడిపోతుంది, ఎలా కెలుకుతారో చెప్పండి, మాటలు వాటంతటవే వస్తాయి.

కీబోర్డు ఎందుకంటారా? ఫోను మీద బొటనవేళ్ళతో కొట్టేవాళ్ళకు 40 నిమిషాల్లో 250 పదాలు ఆలోచిస్తూ కొట్టడం కష్టం. పరీక్ష తెర మీద పదాల లెక్క కనబడుతుంది, తప్పు స్పెల్లింగు కింద ఎర్ర గీత మాత్రం రాదు. ఇంట్లో కూడా నోట్‌ప్యాడ్ లాంటి, దిద్దని దాంట్లోనే రాయండి.

పదిహేను వేలు దాటిన ఫీజు కట్టేముందు కాలేజీ అడిగేది సరిగ్గా చదవండి. 7, 6.5, 5.5, 6 వస్తే సగటు 6.25, అది 6.5కు చేరుతుంది. కానీ "ఓవరాల్ 6.5, ఏ విభాగంలోనూ 6కు తగ్గకూడదు" అన్నచోట ఆ 5.5 చాలు, సీటు పోతుంది. అలాంటప్పుడు కంప్యూటరు పరీక్ష రాసినవాళ్ళకు ఒక్క విభాగమే మళ్ళీ రాసే వీలుంది, 60 రోజుల్లోపు. తగ్గిన విభాగం రైటింగయితే, మళ్ళీ అదే నోటుతో ఒంటరిగా కూర్చోకుండా ఆ రెండు నెలలూ దిద్దే మనిషిని పెట్టుకోండి.